మర్రిగూడ దిక్కు మాకు వచ్చిన ‘దయ్యాల ఇల్లు’: ఏం చేయమంటారు?

బత్తాయి తోట:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా పెద్దనాయన పోయిన ఎండాకాలంలో కాలం చేశారు. పిల్లలు లేరు, పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఊళ్ళో ఇల్లు నా పేరున వీలునామా రాశారు. నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలం. ఊరి పేరు ఇక్కడ చెప్పను. గూన పెంకుల ఇల్లు, నాలుగు దిక్కులా చావిళ్ళు, నడుమ వాకిలి, వెనక దొడ్లో రాతి కట్టుబావి. బయటి నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పొద్దుగూకాక ఆ గల్లీలోకి ఎవరూ రారు.

చిన్నప్పుడు దసరాకు పోతే మమ్మల్ని అక్కడ పడుకోనిచ్చేవాళ్ళు కాదు. చీకటి పడకముందే చుట్టాల ఇంటికి తోలేవాళ్ళు. ఊళ్ళో చెప్పుకునేవి ఇవి: వెనక అర్రలో దీపం కదిలేదట. రాత్రిపూట నేల మీద ఏదో గరగర ఈడ్చినట్టు చప్పుడు, ఆడమనిషి ఏడుపు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళను దయ్యం వంచేస్తుందట. మా నాయనమ్మ నిజంగానే నడుము వంగిపోయి పోయింది. తాతకు మెడ తిరిగేది కాదు, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవాడు. పెద్దనాయన ఒక్కడే ఉంటూ రెండు కంచాల్లో అన్నం పెట్టేవాడని కూడా అంటారు.

ఇప్పుడు రింగు రోడ్డు వస్తుందన్న మాటతో కొనడానికి ఒకాయన తయారయ్యాడు. దయ్యం పేరు చెప్పి సగం ధరకే అడుగుతున్నాడు. మా ఆయన అమ్మేద్దామంటున్నారు. అమ్మే ముందు ఒకసారి చూద్దామని నేను తలుపులు తీయించాను. వెనక అర్రకు గొళ్ళెం బయటి వైపు ఉంది. లోపల నులక మంచం, చిన్న ఇనుప బేరింగులు బిగించిన ఒక పీట, రేకు పెట్టె. పెట్టెలో పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, ఒక ఉర్దూ కాగితం. రసీదుల్లో ఉన్నది ఒక ఆడమనిషి పేరు. మా ఇంట్లో ఆ పేరు గల మనిషే లేదు. అమ్మను అడిగితే “పాత కాగితాలు తగలబెట్టు” అంది. అమ్మ అలా మాట్లాడే మనిషి కాదు.

డిండి వాగు:
అక్కా, మాది దేవరకొండ దిక్కు. దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బావి ఉన్న ఇల్లు, ఆడమనిషి ఏడుపు అంటే ఎవరో కోడలు బావిలో పడి ఉంటుంది. ఆ పేరు ఆమెదే. ముందు శాంతి చేయించి అప్పుడు అమ్మండి. అమావాస్య నాడు మాత్రం ఆ అర్రలోకి పోకండి.

లంకెబిందె:
అర్రలో నేల తవ్వి చూశారా? బయట గొళ్ళెం ఎందుకు పెడతారు చెప్పండి, లోపల ఏదో ఉంటేనే కదా! నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, మిషన్ తెచ్చి చూస్తాడు.

మోడరేటర్:
@లంకెబిందె, నిధి దొరికితే సర్కారుకు అప్పజెప్పాలి, దాచుకుంటే కేసు. ఈ వేదికలో తవ్వకాల బేరాలు కుదరవు. ఇంకోసారి రాస్తే ఖాతా తీసేస్తాను.

పాలమూరు మేస్త్రి:
నేను నలభై ఏళ్ళుగా పాత ఇళ్ళు విప్పుతున్నా, కడుతున్నా. గూన పెంకు పగలు ఎండకు కాగి రాత్రి చల్లారేటప్పుడు టిక్కు టిక్కుమంటది. పైన చావుపిట్ట (ఒక రకం గుడ్లగూబ) గూడు పెడితే మనిషి గురక లెక్కనే ఉంటది. సగం దయ్యాలు ఇవే. కానీ మీరు చెప్పిన గరగర వేరు. అది నేల మీది చప్పుడు. ఒక పని చేయండి: ఆ అర్రలో గోడలు ఎక్కడైనా నున్నగా అయినయా చూడండి, ఎంత ఎత్తున అయినయో కొలిచి చెప్పండి.

బత్తాయి తోట:
@పాలమూరు మేస్త్రి, మీరు చూసినట్టే అడిగారు. గోడకు ఒక పట్టీలా నల్లగా, నున్నగా ఉంది. మంచం దగ్గర మొదలై దర్వాజా దాకా, అక్కడి నుంచి వెనక చావడి గోడ వెంబడి బావి గచ్చు దాకా పోయింది. ఎత్తు నా మోకాలికి కొంచెం పైన. దర్వాజా గడప కూడా ఒక పక్క చెక్కి వాలుగా చేశారు.

పాలమూరు మేస్త్రి:
డంగు సున్నం గోడ చెయ్యి తగిలి తగిలి అట్లా నిగ్గుదేలుతది. ఒక్క రోజు పని కాదు, ఏండ్లు పడుతుంది. ఆ ఎత్తున చెయ్యి పెట్టేది పాకే పసిపిల్ల, లేకుంటే నేల మీద కూర్చుని జరిగే పెద్దమనిషి. పసిపిల్ల ఏండ్ల తరబడి పసిపిల్లగా ఉండదు గదా. బేరింగుల పీట అందుకే. గడప చెక్కింది పీట దాటడానికి. అమ్మా, ఆ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నది.

డిండి వాగు:
ఇది చదివి నాకు నిజంగా చేతులు చల్లబడ్డాయి.

సర్కారు దవాఖాన:
ఆ మండలం పేరు చదవగానే నాకు అనుమానం వచ్చింది. గోడ సంగతి విన్నాక రాస్తున్నాను. తిరగని మెడ, వంగిన నడుము, నడవలేని మనిషి, దొడ్లో సొంత బావి. ఈ నాలుగూ కలిపి చూడండి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు పల్లెల్లో పుట్టిన ఎవరికైనా ఇది కొత్త కాదు. ఇది ఫ్లోరోసిస్.

మన గ్రానైటు రాతి పొరల్లోంచి ఫ్లోరైడు భూగర్భ నీటిలోకి దిగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళే లేకుంటే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గార పడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్నెముక కర్రలా అయిపోతుంది. ఎదిగే పిల్లలకైతే మోకాళ్ళే వంకర పోతాయి. 1973లోనే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగడం గురించి రాశారు. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు సరికదా, నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చి ఈ విషం తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. జిల్లాకు పేరు రావడమంటే ఇలాగేనా అనిపిస్తుంది నాకు.

ఒక ప్రశ్న. ఊళ్ళో మిగతావాళ్ళు ఏ నీళ్ళు తాగేవాళ్ళు?

బత్తాయి తోట:
అమ్మ చెప్పింది: ఊరంతా చెరువు పక్క ఊటబావి నీళ్ళే తాగేవాళ్ళట. మా తాత కొత్త ఇల్లు కట్టినప్పుడు, ఇంటి ఆడవాళ్ళు బిందె పట్టుకుని ఊరి బావికి పోవద్దని దొడ్లో లోతుగా బావి తవ్వించాడు. అప్పట్లో అది పెద్ద గొప్పట. ఇప్పుడు లేరు గానీ, మా నాయన పళ్ళు కూడా గారే. కానీ ఆయన్ని చిన్నతనంలోనే నల్లగొండ హాస్టల్లో వేశారు.

సర్కారు దవాఖాన:
చెరువు ఊట నీళ్ళలో ఫ్లోరైడు తక్కువ ఉండి ఉండవచ్చు. అందుకే దయ్యం మీ ఒక్క ఇంటినే పట్టింది. బావి నీళ్ళు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో ఇవ్వండి.

రిటైర్డ్ గిర్దావర్:
ఇక కాగితాల సంగతి నేను చెబుతాను. ఊరి నడుమ ఇళ్ళ జాగ గ్రామకంఠం. అది సాగు భూముల లెక్క రాసే పహాణీలో దొరకదు, సర్కారు భూ రికార్డుల వెబ్‌సైటు భూభారతిలో వెతికి లాభం లేదు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు, కానీ పంచాయతీ వాళ్ళు ఊరికే ఒక పేరు మార్చి ఇంకో పేరు రాయరు. ఏదో దస్తావేజు చూపించి ఉంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి పెట్టి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయండి. 1983 నుంచి కంప్యూటర్లోనే దొరుకుతుంది. అంతకు ముందుదైతే చేతి రిజిస్టర్లలో వెతికించాలి.

ఉర్దూ కాగితం మీద సంవత్సరం ఏముంది? ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) అయితే 590 కలపండి, మన సంవత్సరం వస్తుంది.

బత్తాయి తోట:
1359 అని ఉందట. మా ఆఫీసులో ఉర్దూ వచ్చిన సార్ చదివారు. అందులో రహస్యమేమీ లేదు, తాత 1949లోనో 50లోనో జత ఎడ్లు కొన్న చిట్టీ. నేను రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను దాని కోసం!

రిటైర్డ్ గిర్దావర్:
ఎడ్ల చిట్టీ దాచుకున్న మనిషి దస్తావేజు కూడా దాచే ఉంటాడు. ఈసీ తీయండి.

(రెండు వారాల తర్వాత)

బత్తాయి తోట:
ఈసీ వచ్చింది. 1986లో మా తాత ఈ ఇల్లు మొత్తం దాన సెటిల్‌మెంట్ కింద ఆ పేరు గల ఆమెకు రాశాడు. నకలు తీసుకున్నాను. అందులో ఉన్న మాటలు ఉన్నట్టే పెడుతున్నాను: “నా చిన్న కూతురు ఆరోగ్యముగా పుట్టి తదుపరి కాళ్ళు వంగి నడవలేని స్థితిలో యున్నందున, ఆమె జీవనాధారము కొరకు... నా పెద్ద కుమారుడు ఆమె బాగోగులు చూచుకొనవలయును.”

అంటే నాకు మూడో మేనత్త ఉంది. ముప్పై ఏడేళ్ళు వచ్చాయి నాకు, ఆమె పేరు ఏ రోజూ వినలేదు. మా ఇంటి గోడ మీద వంశవృక్షం కట్టించిన ఫోటో ఉంది, అందులో నలుగురే పిల్లలు.

పెద్ద మేనత్తకు ఫోన్ చేశాను. ముందు పెట్టేసింది. రాత్రి తనే చేసింది. ఏడ్వలేదు, తిట్టింది. “నీకిప్పుడు తెలిసి ఏం జేస్తవు? మేమిద్దరం పెండ్లికున్నం అప్పుడు. ఆ ఇంటి నీళ్ళు తాగిన పిల్లలకు కాళ్ళు వంకరపోతయంటే మమ్మల్ని ఎవడు చేసుకుంటడు? సంబంధం వాళ్ళు వచ్చిన రోజు దాన్ని గరిసె ఎనక కూసోబెట్టినం. దాని ఏడుపు వాళ్ళకు వినబడ్డది. మా అమ్మనే అన్నది, ఇంట్ల గాలి ఉన్నదమ్మా అని. గాలి అంటే సంబంధం ఆగలే. కాళ్ళంటే ఆగిపోతుండె.”

దయ్యాన్ని పుట్టించింది మా నాయనమ్మ. దీన్ని ఎలా తీసుకోవాలో నాకింకా తెలియడం లేదు.

డిండి వాగు:
అక్కా, మొదట నేను రాసింది మనసులో పెట్టుకోకండి. మా ఊళ్ళో కూడా ఇట్లాంటి ఇల్లు ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ దాని గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. ఈ ఆదివారం పోతున్నా.

కోర్టు మెట్లు:
నేను వకీలును. చట్టం తర్వాత చెబుతాను, ముందు ఒక మాట. బయట గొళ్ళెం ఉన్న గదిని ఇల్లనరు. తాత ఇల్లు రాసిచ్చాడు, మంచిదే. కానీ బయటికి రానివ్వని మనిషికి ఇల్లు రాసిస్తే ఏం లాభం?

పాలమూరు మేస్త్రి:
వకీలు సాబ్, గడప చెక్కించింది కూడా ఆ ఇంటివాళ్ళే. బావి గచ్చు దాకా గోడ నునుపు తేలింది అంటే ఆమె వెన్నెల్లోనో చీకట్లోనో బయటికి వచ్చేది. గొళ్ళెం పగటి పూటకే అయి ఉండాలె.

కోర్టు మెట్లు:
పగటి పూట మనుషులు వస్తారు కాబట్టి. నేను చెప్పేది అదే.

బత్తాయి తోట:
ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తోంది. పెద్దనాయన మీద కోపం రావాలా, ఆయన కాళ్ళు మొక్కాలా? పెద్దమ్మ పెళ్ళయిన కొన్నేళ్ళకే పుట్టింటికి పోయి అక్కడే పోయింది. ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన మాత్రం ఆ ఇల్లు వదల్లేదు.

చండూరు చౌరస్తా:
కొత్తగా చేరాను, ఈ ఒక్క చర్చ కోసమే. చదువుతుంటే ఏ ఇల్లో తెలిసిపోయింది. నాది ఆ ఊరే, ఇప్పుడు చండూరులో దుకాణం. మా అమ్మ ఆ ఇంటికి బట్టలకు పోయేది.

అక్కా, ‘ఊళ్ళో చెప్పుకునేవి ఇవి’ అని మీరు దయ్యం మాటలు రాశారు. ఊరంతా అనలేదు. మీ గల్లీవాళ్ళు, మీ చుట్టాలు, సంబంధాలకు వచ్చేవాళ్ళు అన్నారు. మా వాడలో అందరికీ తెలుసు. బట్టలు ఉతికేవాళ్ళకు తెలియకుండా ఒక ఆడమనిషిని ఎవరు దాచగలరు? మంత్రసానికి తెలుసు, పాలు పోసే ఆమెకు తెలుసు, జీతగాళ్ళకు తెలుసు. మా అమ్మ వారానికోసారి ఆమెకు తలస్నానం చేయించేది, జడ వేసేది. నేను చిన్నగా ఉన్నప్పుడు అమ్మ వెంట పోయి ఆ బేరింగుల పీట మీద కూర్చుని ఆడుకున్నా. ఆమె నాకు అష్టాచెమ్మా నేర్పింది. మంచిగా నవ్వేది.

ఎవరికైనా చెబితే పని పోతుందని అమ్మకు ముందే చెప్పారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా.

బత్తాయి తోట:
తమ్ముడూ, నీ పోస్టు ఎన్నిసార్లు చదివానో. అమ్మ ఉందా? మాట్లాడుతుందా? మా చిన్న మేనత్త ఎలా పోయింది?

చండూరు చౌరస్తా:
ఉంది అక్కా. చెవులు సరిగ్గా వినపడవు, గుర్తు మాత్రం గట్టిది. అడిగాను. జ్వరం వచ్చిందట, కీళ్ళు బిగిసి చివరికి ఊపిరి కూడా సరిగ్గా అందలేదట. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు పోయిందట. ఏ ఏడు అంటే “ఎన్టీఆర్ మళ్ళ గెలిచిండు సూడు, ఆ ఓట్లకు ముందు” అంది. రాత్రికి రాత్రే మీ బత్తాయి తోటలో పెట్టారట. మీ పెద్దనాయన, మా నాయన, ఇద్దరు జీతగాళ్ళు. జాగ అమ్మ చూపిస్తానంటోంది.

రిటైర్డ్ గిర్దావర్:
ఆ ఓట్లు 1994 డిసెంబరులో. దానికి ముందు పెత్రమాస అంటే అక్టోబరు మొదటి వారం. ఇలా చెప్పే ముసలివాళ్ళ మాట మీద నేను ఎన్ని పంచనామాలు రాశానో. చాలాసార్లు రికార్డు కంటే ఖాయంగా ఉంటుంది.

అయితే అమ్మా, పంచాయతీలో మరణం నమోదు అయిందా?

బత్తాయి తోట:
లేదు. కార్యదర్శిని అడిగాను. రేషన్ కార్డులో లేదు, ఓటరు జాబితాలో లేదు. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు. ఉన్నది ఆ దస్తావేజు, ఇంటి పన్ను రసీదులు, అంతే.

కోర్టు మెట్లు:
ఇప్పుడు చట్టం చెబుతాను, ఎందుకంటే కొనేవాడు మీ మీద తొందర పెడుతుంటాడు. కాగితం ప్రకారం ఆ ఇంటి యజమాని మీ చిన్న మేనత్త, ఆమె ఇంకా బతికే ఉంది. మీ పెద్దనాయన తనది కాని దాన్ని వీలునామాలో మొత్తంగా రాయలేడు. ఆమెకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అలాంటప్పుడు ఆస్తి ముందు తల్లిదండ్రులకు పోతుంది. వాళ్ళు అప్పటికి ఉన్నారా?

బత్తాయి తోట:
లేరు. తాత, నాయనమ్మ ఇద్దరూ అంతకు ముందే పోయారు.

కోర్టు మెట్లు:
అయితే తండ్రి వారసులకు. అంటే ఆమె తోడబుట్టిన నలుగురికీ సమానంగా: మీ పెద్దనాయన, మీ నాయన, ఇద్దరు మేనత్తలు. ఒక్కొక్కరికి పావు వంతు. పెద్దనాయన పావు వీలునామాతో మీకు. మీ నాయన పావులో మీకూ మీ అమ్మకూ చెరి సగం, ఇంకెవరూ తోబుట్టువులు లేకుంటే. మిగతా సగం ఇల్లు మీ మేనత్తలది. వాళ్ళ సంతకాలు లేకుండా అమ్మితే రేపు కేసు పడుతుంది.

కొనేవాడికి ఈ సంగతి ముందే తెలిసి ఉండవచ్చు అని కూడా నా అనుమానం. దయ్యం మాట ఎవరు ఎక్కువగా ఎత్తుతున్నారో గమనించండి.

బత్తాయి తోట:
కొనేవాడికి వద్దని చెప్పేశాం. ధర పెంచాడు! దయ్యం ఒక్క ఫోన్ కాల్‌లో పోయింది.

పెద్ద మేనత్తకు వాటా సంగతి చెబితే ఇంకా కోపం వచ్చింది. “దాన్ని గరిసె ఎనక కూసోబెట్టి, దాని ఇల్లు నేను పంచుకుంటనా?” అంది. రెండో మేనత్త ఏమీ అనలేదు, ఊరికి తీసుకుపో అంది, అంతే. నీళ్ళ రిపోర్టు కూడా వచ్చింది, హద్దుకు మూడు రెట్లు దాటింది. మేస్త్రి గారూ, బావి పూడ్చేయాలా?

పాలమూరు మేస్త్రి:
పూడ్చకండి. పెంకుల మీది వాన నీళ్ళు గొట్టంతో ఒడిసిపట్టి, ఇసుక, కంకరలోంచి వడగట్టి అందులోకి వదలండి. ఏండ్లు గడిస్తే కొంత పలచబడుతుంది. తాగడానికి మాత్రం భగీరథ నల్లా నీళ్ళే.

రిటైర్డ్ గిర్దావర్:
ముందు మరణ ధ్రువీకరణ. ఏడాది దాటిన వాటికి పంచాయతీలో కాదు, ఆర్డీవో ఉత్తర్వు కావాలి. కార్యదర్శి నుంచి ‘నమోదు లేదు’ అన్న పత్రం, మీ మేనత్తల ప్రమాణ పత్రాలు, అప్పుడు దగ్గరున్న ఒకరి సాక్ష్యం పెట్టండి. చాకలి అమ్మ వాంగ్మూలం చాలా గట్టిది. ఆమె ఒప్పుకుంటుందా?

చండూరు చౌరస్తా:
ఒప్పుకుంది సార్. కానీ ఒక షరతు పెట్టింది. కాగితంలో ‘పనిమనిషి’ అని రాయొద్దట. “నేను బట్టలకు పోయిన, దానికి గింజలు ఇచ్చిండ్రు. ఆమెకు తలంటింది జీతానికి కాదు” అంటోంది. ఏమని రాయాలంటే “దోస్తు” అని రాయమంటోంది. చెల్లుతుందా?

రిటైర్డ్ గిర్దావర్:
మృతురాలితో సంబంధం అన్న గడిలో స్నేహితురాలు అని రాయండి, చెల్లుతుంది. నేను సర్వీసులో ఉండగా ఆ గడిలో ఆ మాట ఎవరూ రాయలేదు.

బత్తాయి తోట:
అలాగే రాయిస్తాను. శుక్రవారం పొద్దున మేనత్తలిద్దరినీ తీసుకుని వస్తున్నాం తమ్ముడూ. అమ్మను మర్రిగూడ దాకా రమ్మనకు, మేమే ఇంటికి వస్తాం.

రిటైర్డ్ గిర్దావర్:
అందరి ఆధార్ నకళ్ళు రెండేసి తెచ్చుకోండి. అమ్మ సంతకం చేయలేకపోతే వేలిముద్ర చాలు, కానీ చదివి వినిపించినట్టు కింద రాయించడం మరవకండి. చెవులు వినపడవన్నారు కదా, గట్టిగా చదవండి.